ఊరికే మాట్లాడితే జబ్బు తగ్గుతుందా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా మళ్లీ చెప్తాను, కొత్తగా చదివేవాళ్లకు సంగతి తెలియాలి కదా. మీ తమ్ముడికి 24 ఏళ్లు. హన్మకొండలో గది తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్నాడు. నాలుగు నెలల కిందట కాజీపేట స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉంటే ఉన్నట్టుండి గుండె దడ, చెమటలు, చేతులకు తిమ్మిర్లు వచ్చాయి. చచ్చిపోతున్నాననుకున్నాడు. ఈసీజీ, టూడీ ఎకో, థైరాయిడ్ పరీక్ష అన్నీ నార్మల్. ఆ తర్వాత ఇంకో నాలుగైదు సార్లు అలాగే వచ్చింది. ఇప్పుడు బస్సెక్కడు, కోచింగ్‌కు ఒంటరిగా పోడు. సైకియాట్రిస్ట్ పానిక్ డిజార్డర్ అని చెప్పి మాత్రలు రాశారు, సైకోథెరపీ, అంటే మాటలతో చేసే వైద్యం కూడా చేయించమన్నారు. పది పన్నెండు సిట్టింగులు, ఒక్కోదానికి ఎనిమిది వందలు. మీ నాన్న "ధైర్యం మనం చెప్తలేమా? గంట ముచ్చటకు ఎనిమిది వందలా?" అంటున్నారు. మాత్రలు చాలవా, పరీక్ష అయ్యేదాకా ఆగొచ్చా అని మీ అనుమానం.

నేను క్లినికల్ సైకాలజిస్ట్‌ని, వరంగల్‌లోనే చాలా ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే: పంపండి, ఆగకండి. సైకోథెరపీతో బాగా లొంగే సమస్యల్లో పానిక్ ఒకటి. కానీ ఒక షరతు. ధైర్యం చెప్పి, నాలుగు మంచి మాటలు చెప్పి పంపే సిట్టింగులైతే మీ నాన్న అన్నదే కరెక్టు, పైసలు దండగ. సీబీటీ, అంటే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ పద్ధతిలో, ఇంటికి పని ఇచ్చి, భయపడే చోటికి మెల్లమెల్లగా పంపే సిట్టింగులైతే ఆ డబ్బుకు విలువ ఉంటుంది. ఐదారు సిట్టింగుల్లో మార్పు మొదలవ్వాలి. మొదలవ్వకపోతే ఎందుకని అడిగే హక్కు మీకుంది.

మీ నాన్న అడిగినదాంట్లో తప్పేమీ లేదు. నా దగ్గరికి పిల్లల్ని తీసుకొచ్చే తండ్రులు చాలామంది ఇదే అడుగుతారు. అడగనివాళ్లు మనసులో అనుకుంటారు. అందుకే దీని మీదే కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

పానిక్ అటాక్‌లో ఒంట్లో జరిగేది ఇది. ప్రమాదం ఎదురైతే పరుగెత్తడానికో తిరగబడడానికో ఒళ్లు సిద్ధమవుతుంది. అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి వేగం పెరుగుతుంది. పొలంలో పాము కనబడితే ఇదే మనల్ని కాపాడుతుంది. మీ తమ్ముడి విషయంలో పాము లేదు. రాత్రి నిద్ర లేదో, పొద్దున్నుంచి రెండు టీలు తప్ప ఏమీ తినలేదో, పరీక్ష టెన్షనో, మొత్తానికి గుండె కొంచెం వేగంగా కొట్టుకుంది. అతను దాన్ని పట్టించుకున్నాడు. 'హార్ట్ అటాక్' అన్న మాట మనసులోకి వచ్చింది. జిమ్‌లో పడిపోయిన కుర్రాళ్ల వీడియోలు రోజూ ఫోన్లో చూసే వయసు, రాకుండా ఎట్లా ఉంటుంది? ఆ మాటకు ఒళ్లు నిజంగానే బెదిరి ఇంకాస్త అడ్రినలిన్ వదిలింది. ఊపిరి గబగబా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, దాంతో వేళ్లకూ మూతి చుట్టూ తిమ్మిరి, తల తిరుగుడు. ఆ తిమ్మిరి చూసి 'ఇక అయిపోయింది' అనుకున్నాడు. భయం లక్షణాన్ని పెంచుతుంది, లక్షణం భయాన్ని పెంచుతుంది. సాధారణంగా పది నిమిషాల్లోపే ఇది పూర్తిగా ఎక్కి, తర్వాత దానంతటదే దిగుతుంది.

దిగుతుందన్న సంగతే మీ తమ్ముడికి తెలియదు. తెలిసే అవకాశం రాలేదు. దిగేలోపు ఎవరో నీళ్లు తాగించి ఉంటారు, ఎవరో ఆటో ఎక్కించి ఉంటారు, ఆస్పత్రిలో ఓ సూది వేసి ఉంటారు. 'ఆస్పత్రికి పోయిన కాబట్టి బతికిన' అని అతని మనసు రాసి పెట్టుకుంది.

ఇప్పుడు ధైర్యం చెప్పే సంగతి చూడండి. "ఏం కాదురా, రిపోర్టులన్నీ మంచిగనే ఉన్నయి కదా" అన్నప్పుడల్లా అతనికి కాసేపు నిమ్మళంగా ఉంటుంది. ఆ తర్వాత మళ్లీ అనుమానం. మళ్లీ అడుగుతాడు, మళ్లీ చెప్తారు. అట్లా చెప్పించుకున్న ప్రతిసారీ, ఎవరో ఒకరు చెప్పకపోతే తను ఉండలేనన్న నమ్మకం ఇంకొంచెం గట్టిపడుతుంది. ఇంట్లోవాళ్లు దడ రాకుండా చూస్తారు, మేం కావాలని దడ తెప్పిస్తాం. ఈ రెండూ ఎదురెదురు పనులు. అందుకే ఎంత ప్రేమగా, ఎంత ఓపికగా చెప్పినా ఇంటి ధైర్యంతో పానిక్ పోదు. మీ నాన్నకు ఈ ఒక్క ముక్క చెప్పి చూడండి.

దడ తెప్పించడం అంటే నిజంగానే తెప్పించడం. గదిలో నిలబడ్డ చోటే ఒక నిమిషం పరుగెత్తిస్తాం. తిరిగే కుర్చీలో గిరగిరా తిప్పుతాం. సన్నటి స్ట్రాతో ఊపిరి పీల్చమంటాం, లేదా నిమిషం పాటు గబగబా ఊపిరి తీయమంటాం. (గుండె జబ్బు, ఆస్తమా, మూర్ఛ, గర్భం లేవని ముందు తేల్చుకున్నాకే. దీన్ని చదివి ఇంట్లో మీ అంతట మీరు మొదలుపెట్టకండి.) మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద రాయిస్తాం: ఏం జరుగుతుందనుకుంటున్నావు? "కళ్లు తిరిగి పడిపోత." ఎంత నమ్మకం? "నూటికి ఎనభై." అయిపోయాక మళ్లీ రాయిస్తాం: ఏం జరిగింది? "దడ వచ్చింది, తిమ్మిరి వచ్చింది, పడలే." నాలుగైదు సార్లు చేశాక ఆ ఎనభై ఇరవైకి వస్తుంది. మేం చెప్పినందుకు కాదు, తన ఒంటి మీద తనే చూసుకున్నందుకు.

ఆ తర్వాత బయటికి. ఇక్కడ చిన్న చిన్న 'ఆసరా'లను ఒక్కొక్కటిగా తీసేయడం ముఖ్యం. మీ తమ్ముడి బ్యాగులో నీళ్ల సీసా, ఓఆర్‌ఎస్ ప్యాకెట్, నాలుక కింద పెట్టుకునే మాత్ర ఉన్నాయేమో చూడండి. కరోనా అప్పుడు కొన్న పల్స్ ఆక్సీమీటర్ జేబులో పెట్టుకుని తిరిగేవాళ్లు ఇప్పటికీ వస్తున్నారు నా దగ్గరికి. అవి ఉన్నన్నాళ్లు 'ఇవి ఉన్నాయి కాబట్టే ఏం కాలేదు' అనిపిస్తూనే ఉంటుంది.

ఒక ఉదాహరణ చెప్తాను, మనిషిని గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి వ్యాపారం చేసే ఒకాయన. మిర్చి సీజన్‌లో మొదటి అటాక్ వచ్చింది. గుండె డాక్టర్ల చుట్టూ తిరిగాడు, హైదరాబాద్ పోయి యాంజియోగ్రామ్ కూడా చేయించుకున్నాడు. అన్నారం దర్గాకు పోయి తాయెత్తు కట్టించుకున్నాడు. ఆ పరీక్షలకు పెట్టిన ఖర్చుతో నా సిట్టింగులు ఏళ్ల తరబడి నడపొచ్చు, ఆ మాట అంటే ఆయనే నవ్వాడు. హన్మకొండ నుంచి ఉప్పల్ దాకా దారిలో ఏ ఆస్పత్రి ఎక్కడుందో ఆయనకు నోటికొచ్చు. మొదట హన్మకొండ చౌరస్తా నుంచి కాజీపేటకు సిటీ బస్సులో, నీళ్ల సీసా లేకుండా. తర్వాత జనగామ దాకా, ఒక్కడే, తలుపు దగ్గర సీటు కాకుండా కిటికీ పక్కన. ఘన్‌పూర్ దాటాక అటాక్ వచ్చింది. దిగలేదు. ఫోన్ చేయలేదు. జనగామ వచ్చేసరికి అది దిగిపోయింది. ఆ తర్వాతి సిట్టింగులో ఆయన చెప్పడమే ఎక్కువ, నేను వినడమే. ఇప్పటికీ అప్పుడప్పుడు దడ వస్తుందట. "వస్తది, పోతది సార్" అని నవ్వుతాడు. తాయెత్తు చేతికే ఉంది. నేను తీసేయమనలేదు. మొక్కులు ఉంటే తీర్చుకోండి, సిట్టింగులు మానకండి అనే చెప్తాను అందరికీ.

ఇదంతా నా గది అనుభవం. దీన్ని నమ్మి డబ్బు పెట్టమనడం న్యాయం కాదు. ఏ ప్రాక్టీస్‌లోనైనా బాగుపడ్డవాళ్లే తిరిగొచ్చి చెప్తారు, మధ్యలో మానేసినవాళ్లు కనబడరు. కాబట్టి లెక్కలు చూద్దాం.

1952లో లండన్‌లో పనిచేసే హన్స్ ఐసెంక్ అనే సైకాలజిస్ట్ ఒక వ్యాసం రాశాడు. ఆందోళన లాంటి మానసిక సమస్యలున్నవాళ్లలో మూడింట రెండు వంతుల మంది రెండేళ్లలో వాళ్లంతట వాళ్లే బాగవుతారు, థెరపీ తీసుకున్నవాళ్లు అంతకంటే ఎక్కువేమీ బాగవడం లేదు అని. మీ నాన్న ప్రశ్నే, కొంచెం ఘాటుగా. ఆ దెబ్బకు థెరపీ ఇచ్చినవాళ్లను, ఇవ్వనివాళ్లను పక్కపక్కన పెట్టి పోల్చే పరిశోధనలు పెరిగాయి. 1977లో మేరీ లీ స్మిత్, జీన్ గ్లాస్ అనే ఇద్దరు అమెరికన్లు అలాంటివి 375 తీసుకుని లెక్క కట్టారు. థెరపీ తీసుకున్న సగటు మనిషి, తీసుకోనివాళ్లలో 75 శాతం మంది కంటే మెరుగ్గా ఉన్నట్టు తేలింది. ఆ లెక్క కొంచెం ఎక్కువే అని తర్వాత వచ్చినవాళ్లు చూపించారు. చిన్న చిన్న పరిశోధనల్లో ఫలితం పెద్దదిగా కనబడుతుంది, పనిచేయలేదని తేలినవి అచ్చుకు రావు. ఇవన్నీ తీసేసినా లాభం మిగులుతుంది, కాకపోతే మొదట చెప్పినంత కాదు.

"అమెరికా లెక్కలు మనకెందుకు" అంటారా? గోవాలో చేసిన ఒక పరిశోధన 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ప్రైమరీ హెల్త్ సెంటర్లకు వచ్చిన, డిప్రెషన్ గట్టిగా ఉన్నవాళ్లు దాదాపు 500 మంది. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగానికి దాంతో పాటు ఆరు నుంచి ఎనిమిది సిట్టింగులు. ఆ సిట్టింగులు ఇచ్చింది నాలాంటివాళ్లు కాదు, సైకాలజీ డిగ్రీ లేని స్థానికులు, శిక్షణ తీసుకుని చేశారు. మూడు నెలల తర్వాత సిట్టింగులు తీసుకున్నవాళ్లలో 64 శాతం మంది డిప్రెషన్ నుంచి బయటపడ్డారు, తీసుకోనివాళ్లలో 39 శాతం. ఈ 39ని మర్చిపోవద్దు. కొంత పని కాలం చేస్తుంది, ఐసెంక్ పూర్తిగా తప్పేమీ కాదు. అయినా నూటికి ఇరవై అయిదు మంది అదనంగా లేచి తిరగడం చిన్న సంగతి కాదు.

ఇంగ్లండ్‌లో 2008 నుంచి ప్రభుత్వమే ఆందోళనకు, డిప్రెషన్‌కు సైకోథెరపీ ఇస్తోంది, సిట్టింగు సిట్టింగుకూ స్కోరు రాస్తూ. కోర్సు తీసుకున్నవాళ్లలో దాదాపు సగం మంది కోలుకుంటున్నారు. అంటే సగం మంది పూర్తిగా కోలుకోవడం లేదని కూడా అర్థం. ఎవరైనా "నూటికి నూరు శాతం గ్యారంటీ" అంటే ఆ గడప తొక్కకండి.

మాత్రలు చాలవా? కొందరికి చాలుతాయి. పానిక్‌కు సాధారణంగా ఇచ్చే ఎసిటలోప్రామ్ లాంటి మాత్రలు బాగానే పనిచేస్తాయి, పట్టు దొరకడానికి కొన్ని వారాలు పడుతుంది. ఇవి అలవాటుపడే మత్తు మందులు కావు. తేడా అంతా ఆపేశాక కనబడుతుంది. డిప్రెషన్ మీద 2005లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, కోలుకున్నవాళ్లను ఆ తర్వాత ఏడాది పాటు గమనించారు. మాత్రలు ఆపినవాళ్లలో 76 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. సీబీటీ పూర్తి చేసి ఆపినవాళ్లలో 31 శాతం మందికే. మాత్ర వేసుకున్నన్నాళ్లు కాస్తుంది. నేర్చుకున్నది మాత్రం సిట్టింగులు ఆగిపోయాక కూడా మనిషి దగ్గరే ఉంటుంది. రెండూ కలిపి తీసుకోవడంలో ఇబ్బంది లేదు. మీ తమ్ముడు మాత్రలు తనంతట తను మాత్రం ఆపకూడదు, సైకియాట్రిస్ట్‌ను అడిగే తగ్గించాలి.

ఇంకో రకం మాత్రలున్నాయి: ఆల్‌ప్రజోలం, క్లోనజెపాం. అరగంటలో నిమ్మళం చేస్తాయి, అదే వాటితో ఇబ్బంది. బస్సెక్కే ముందు ఒకటి వేసుకుంటే ఏం కాలేదన్న పేరు మాత్రకు పోతుంది, మీవాడు నేర్చుకునేదేమీ ఉండదు. నెలల తరబడి వాడితే అలవాటు పడతాయి. మొదటి కొన్ని వారాలకు డాక్టర్ రాస్తే సరే. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన చీటీ పట్టుకుని రెండేళ్లుగా వేసుకుంటున్నవాళ్లు ఉన్నారే, వాళ్లకు మాన్పించడమే ఒక పెద్ద పని.

మన వైపు అయితే ఇంకో ప్రశ్న తప్పకుండా అడగాలి: కల్లు తాగుతాడా? తాటి కల్లు, ఈత కల్లు సంగతి వేరు. ఆల్‌ప్రజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లు ఉత్తర తెలంగాణలో కొత్తేమీ కాదు. రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే వణుకు, దడ, నిద్ర పట్టకపోవడం, ఏదేదో మాట్లాడడం, ఫిట్స్ కూడా వస్తాయి. చూడడానికి పానిక్‌లా మొదలవుతుంది. అది సిట్టింగుల కేసు కాదు, వెంటనే ఆస్పత్రి కేసు. నేను కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరినీ, ఆడవాళ్లను కూడా, ఇది అడుగుతాను. "అబ్బే, మావాడు తాగడు" అని ఇంట్లోవాళ్లు చెప్పాక వాళ్లను బయట కూర్చోబెట్టి మళ్లీ అడుగుతాను.

పానిక్ కాక వేరే సమస్యలకు థెరపీ ఎట్లా ఉంటుందో రెండు మాటలు. చేతులు పదేపదే కడగడం, తాళం వేశానా లేదా అని పదిసార్లు చూడడం, అంటే ఓసీడీకి కూడా బాగా పనిచేసే పద్ధతి ఉంది: ముట్టుకోవాలి, కడగకుండా ఉండాలి. చెప్పడం తేలిక, చేయడం కష్టం. దీర్ఘకాలం నిద్ర పట్టనివాళ్లకు మాత్రల కంటే ముందు సీబీటీ ఇవ్వమని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే చెప్పింది. మన దగ్గర ఇప్పటికీ చాలామంది మాత్రతోనే మొదలుపెడుతున్నారు. స్కిజోఫ్రీనియా, బైపోలార్‌లకు మాత్రం మందే ముందు. చెవిలో మాటలు వినబడుతున్నాయనో, నాలుగు రోజులుగా నిద్రపోకుండా లక్షలు ఖర్చుపెడుతున్నాడనో చెప్పి "కొంచెం కౌన్సెలింగ్ ఇయ్యండి" అంటూ తీసుకొస్తారు. అట్లాంటివాళ్లను అదే రోజు సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపుతాను. మందు కుదిరాక కుటుంబంతో కూర్చోవడం బాగా ఉపయోగపడుతుంది. 1950లలోనే అమృత్‌సర్ మెంటల్ హాస్పిటల్‌లో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులకు ఆవరణలో గుడారాలు వేయించి, వాళ్లను వైద్యంలో కలుపుకున్నాడు. ఇంట్లోవాళ్లను పక్కన పెట్టే పద్ధతి మన దేశానికి ఎప్పుడూ అతకలేదు.

"సైకోథెరపీ చదువుకున్నోళ్లకే" అని చాలామంది అనుకుంటారు. జగిత్యాల వైపు నుంచి ఒకామె వచ్చేది (ఇక్కడా వివరాలు మార్చాను). భర్త దుబాయ్‌లో. తలనొప్పి, ఒళ్లు నొప్పులు, గుండెల్లో మంట. స్కానింగులన్నీ మంచిగనే ఉన్నాయి. "మనాది పట్టింది" అని వాళ్ల అత్తే పట్టుకొచ్చింది, ఆ అత్తకు దండం పెట్టాలి. ఆమెకు అక్షరాలు రావు. ఆలోచనల మీద చర్చలేవీ పెట్టలేదు. డిప్రెషన్‌లో మనిషి ఒక్కొక్క పనీ వదిలేస్తుంది, వదిలేసిన కొద్దీ మనసు ఇంకా కుంగుతుంది. ఆమె మొదట వదిలేసింది వాడకట్టులో ఆడవాళ్లంతా కూర్చుని బీడీలు చుట్టే అరుగు. అక్కడి నుంచే మొదలుపెట్టాం. చుట్టినా చుట్టకున్నా రోజూ పొద్దున అరగంట అక్కడ కూర్చోవాలి. పోయిన రోజు క్యాలెండర్ మీద బిడ్డతో టిక్కు పెట్టించాలి. గోవాలో వాడింది కూడా దాదాపు ఈ పద్ధతే. రెండు మూడు నెలలకు నొప్పులు తగ్గాయి, నిద్ర కుదిరింది. అప్పు తీరలేదు, భర్త రాలేదు.

ఆ చివరి మాట కావాలనే రాశాను. పత్తి పోయి, పెట్టిన లాగోడి కూడా రాక, అప్పులవాళ్లు గుమ్మంలో కూర్చుంటే వచ్చే రందికి నా దగ్గర పూర్తి మందు లేదు. ఆ మనిషి ఆ రాత్రి గడిచేలా చేయగలను, చచ్చిపోవడం తప్ప దారి లేదన్న ఆలోచనను కొంచెం కదిలించగలను, ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలు తాళం వేయించగలను. ఇవి చిన్నవి కావు. కానీ ధర, బోరు, బ్యాంకు నా చేతిలో లేవు. రైతుల బాధకు కౌన్సెలింగే పరిష్కారమని మైకుల్లో చెప్పేవాళ్లను చూస్తే నాకు చిరాకు.

ఎవరికి పనిచేయదు? ఇంట్లోవాళ్లు బలవంతంగా తెచ్చి కూర్చోబెట్టినవాళ్లకు పెద్దగా పనిచేయదు. ప్రేమ పెళ్లి మాన్పించమని తల్లిదండ్రులు తీసుకొచ్చే పిల్లలు ఈ కోవే, అది థెరపీ పనే కాదు. ఇంటికిచ్చిన పని చేయనివాళ్లకు పనిచేయదు. వారానికి గంట నా ముందు కూర్చుంటే అయ్యేది తక్కువ, మిగతా వారమంతా బయట చేసేదే ఎక్కువ. పేరు తప్పుగా పెట్టిన జబ్బుకు కూడా పనిచేయదు. ఇక థెరపీ వల్ల ఇంకా దిగజారేవాళ్లు కూడా ఉంటారు, నూటికి ఐదు నుంచి పది మంది దాకా అని పరిశోధకులు అంచనా వేస్తారు. ప్రమాదం జరిగిన వెంటనే బాధితులను కూర్చోబెట్టి జరిగిందంతా ఒక్క సిట్టింగులో చెప్పించడం ఒకప్పుడు గొప్ప సాయమనుకున్నారు. దాంతో లాభం లేదని, కొందరికి కీడు కూడా జరగొచ్చని తేలింది. మీ తమ్ముడికి మొదటి రెండు మూడు వారాలు దడ ఎక్కువైనట్టు అనిపించవచ్చు. అది వేరే సంగతి, తప్పించుకోవడం మానేశాడు కాబట్టి అట్లా ఉంటుంది. ముందే తెలిస్తే మధ్యలో మానేయడు.

ఎవరి దగ్గరికి పోవాలి? మన దేశంలో 'కౌన్సెలర్' అని బోర్డు ఎవరైనా పెట్టేసుకుంటున్నారు. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టర్ అయి ఉండాలి, నంబరు అడగండి. అడిగితే కోపం వచ్చే మనిషి అయితే అక్కడే మీకు జవాబు దొరికినట్టు. ఇంకో రెండు అడగండి: పానిక్‌కు మీరు ఏ పద్ధతి వాడతారు? తగ్గుతోందని ఎట్లా తెలుసుకుంటాం? రెండోదానికి "వారానికి ఎన్ని అటాక్‌లు, ఎక్కడెక్కడికి పోతున్నాడు, స్కోరు ఎంత" లాంటి జవాబు రావాలి. "నెమ్మదిగా మీకే తెలుస్తుంది" అంటే చాలదు. మూడు సిట్టింగుల్లో పూర్తిగా పోగొడతామనేవాళ్లు, పూర్వజన్మలోకి తీసుకుపోతామనేవాళ్లు, మొదటి రోజే మాత్రలన్నీ ఆపేయమనేవాళ్లు అయితే లేచి వచ్చేయండి. మనిషి కుదరడం కూడా ముఖ్యం. డిగ్రీలన్నీ ఉన్నా మీ తమ్ముడికి ఆ మనిషి ముందు నోరు పెగలకపోతే ఇంకొకరిని చూడండి, మొహమాటం అక్కర్లేదు. మన యాసలో మాట్లాడగలిగితే ఇంకా మంచిది. గుండెల్లో బుగులును ఇంగ్లీషులో చెప్పమంటే సగం ముచ్చట గొంతులోనే ఆగిపోతుంది.

ఖర్చు భారమైతే వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది, ముందు అక్కడ చూపించండి. మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం చేసే, 2022 అక్టోబర్‌లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పూర్తి కోర్సుకు అది బదులు కాదు గానీ అర్ధరాత్రి అటాక్ వచ్చినప్పుడు, దారి తెలియనప్పుడు పనికొస్తుంది. పన్నెండు సిట్టింగులూ వారం వారం ఉండవు, ఆరేడు అయ్యాక పదిహేను రోజులకొకటి చేసుకోవచ్చు. ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. మానసిక జబ్బులకూ మిగతా జబ్బుల్లాగే బీమా ఇవ్వాలని 2017 చట్టం చెప్తోంది, కానీ చాలా పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే ఇస్తాయి, సిట్టింగులకు ఇవ్వవు. అదే చట్టం ప్రకారం అతని వివరాలు గోప్యంగా ఉంచాలి. "ఎర్రగడ్డ కేసు" అన్న పేరు వస్తుందని, రేపు పెళ్లికి అడ్డమని మీ అమ్మ భయపడుతుంటే ఈ మాట చెప్పండి.

ఇంట్లో మీరు చేయాల్సినవి. దడ వచ్చినప్పుడు చెయ్యి పట్టుకుని నాడి చూడకండి. "ఏం కాదు" అనకండి. "వచ్చిందా? సరే, ఎంతసేపు ఉంటదో చూద్దాం" అని మీ పని మీరు చేసుకోండి. మొదట్లో రాతిగుండె మనుషుల్లా అనిపిస్తుంది. కొత్తగా ఛాతీలో నొప్పి వచ్చి చేతికి పాకితే, స్పృహ తప్పితే మాత్రం డాక్టర్‌కు చూపించాలి, అన్నిటికీ పానిక్ పేరు పెట్టొద్దు. చచ్చిపోవాలనిపిస్తోందని అతను ఎప్పుడైనా అంటే సిట్టింగు రోజు దాకా ఆగకండి, అప్పుడే సైకియాట్రిస్ట్‌కు ఫోన్ చేయండి. మీ నాన్నను ఒక సిట్టింగుకు తీసుకురండి. ఎనిమిది వందలకు ఏం చేస్తున్నారో ఆయన కళ్లతో చూస్తే సగం గొడవ తగ్గుతుంది.

ఇక పరీక్ష అయ్యాక మొదలుపెట్టడం సంగతి. వద్దు. ఇంకో మూడు నెలలు బస్సెక్కకుండా ఉంటే భయం అంత ముదురుతుంది, పైగా సెంటర్ ఏ కరీంనగర్‌లోనో పడితే పరీక్షే రాయలేడు. ఇప్పుడు మొదలుపెడితే పరీక్షనాటికి చాలా దూరం వస్తాడు. హాల్ టికెట్ రాగానే సెంటర్ ఎక్కడో చూసుకుని, వారం ముందే ఒకసారి ఆ దారిలో బస్సులో పోయి రమ్మనండి. మీరు వెంట పోవద్దు.